ఆర్విల్ బాగుచేసిన ప్రెస్

లోర్నా షెడ్డు తలుపు తీసేసరికి, ఆమె తూటాలు తయారుచేసుకునే ప్రెస్ ముందు, ఆమె స్టూలు మీదే కూర్చుని ఆర్విల్ మాంసం కూరిన రొట్టె తింటున్నాడు. సీసం దుమ్ము పడే బల్ల దగ్గర ఎవరూ ఏమీ తినరు. ఇంకొకరి ప్రెస్ మీద చెయ్యి వెయ్యరు. నెబ్రాస్కాలో తుపాకీ ఉన్న ఇంట పెరిగిన ఎవరికైనా ఆ మాత్రం తెలుసు. కానీ ఈయన మొగుడికి అన్న. తనకు తెలియనిది లేదని ఊరంతా టముకు వేసుకునే పెద్దమనిషి.

"నీ మెషీను బాగుచేశానమ్మాయ్," అన్నాడు నములుతూ. "పళ్లెం కింద బోల్టు వదులైంది. అందుకే మాటిమాటికీ ఇరుక్కుంటోంది. బిగించి పారేశా."

"నేను బాగుచెయ్యమన్నానా బావగారూ?"

"శనివారం షూటింగు పోటీకి తూటాలు చాలవని జోడీ అంది. పాపం కదా అని కూర్చున్నా. మెచ్చుకోడానికి నోరు రాదా నీకు?"

బోల్టు సంగతి లోర్నాకు తెలియక కాదు. దాని కింద వెయ్యాల్సిన కొత్త స్ప్రింగు వచ్చేదాకా ముట్టుకోకూడదనే నిన్న తుపాకీ మందు గొట్టం ఖాళీ చేసి పెట్టింది. ఇప్పుడది సగం దాకా నిండి ఉంది.

"బిగించాక ఇరుక్కుందా, ముందా?"

"ముందే. నాలుగైదుసార్లు ఇరుక్కున్నాకే కదా, బోల్టని తెలిసింది."

"ఇరుక్కున్నప్పుడు పళ్లెంలో ఉన్న తూటా తొడుగులేం చేశారు?"

"ఏం చేస్తాను? లీవరు పైకెత్తి మళ్లీ నొక్కాను."

"తీసి పక్కన పడెయ్యలేదా?"

"మంచి ఇత్తడి, ఎందుకు పడేస్తా?"

లోర్నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ప్రెస్‌లో పళ్లెం తనంతట తాను తిరగదు. లీవరు ఒకసారి నొక్కితే ఒక తొడుగులో మందు పడుతుంది, పక్కదానికి గుండు బిగుస్తుంది. తర్వాత బొటనవేలితో పళ్లాన్ని ఒక గడి తిప్పాలి. తిప్పకుండా మళ్లీ నొక్కితే అదే తొడుగులో రెండో మోతాదు పడుతుంది. పొంగి పొర్లితే బాగుండేది, కంటికి కనబడేది. ఒక మోతాదు తొడుగులో సగం కూడా రాదు, రెండు పడ్డా గుండు కింద చక్కగా దాక్కుంటాయి. తూటాని మొత్తంగా తూచినా తెలియదు, తొడుగుల బరువుల్లోనే అంతకంటే ఎక్కువ తేడా ఉంటుంది. పేల్చినవాళ్ల చేతిలో పిస్తోలు పగిలినప్పుడే తెలుస్తుంది. అందుకే ఇరుక్కుంటే పళ్లెంలో ఉన్నదంతా తీసి పారబోస్తారు. అది మొదటి రోజు నేర్పే పాఠం.

"చేసినవి ఎక్కడ?"

"యాభై అయ్యాయి. జోడీ ప్రాక్టీసుకి పట్టుకెళ్లింది."

లోర్నా ఫోను తీసి కూతురికి చేసింది. మోగుతోంది. పేలుళ్ల మోతకి చెవులకి మఫ్‌లు పెట్టుకుని ఉంటుంది పిల్ల. మళ్లీ చేసింది.

"నలభై ఏళ్లుగా చేస్తున్నా," ఆర్విల్ రెండు చేతులూ చాపి చూపించాడు. "ఒక్క వేలైనా పోయిందా?"

"నోర్ముయ్!"

పెళ్లయిన ముప్పై ఏళ్లలో అతణ్ని అలా అనడం అదే మొదటిసారి. ఆమె మళ్లీ ఫోను చేసింది. మూడోసారికి కూతురు ఎత్తింది.

"జోడీ, పెదనాన్న ఇచ్చినవి పేల్చావా?"

"పేల్చలేదమ్మా. ఆయన చేసినవి నేనెందుకు పేలుస్తా? వద్దంటే మొహం మాడ్చుకుంటాడని తీసుకున్నా. డిక్కీలో పడున్నాయి. ఏమైంది, గొంతు అలా ఉందేంటి?"

"ఏం లేదు. అవి పట్టుకుని ఇంటికి రా."

లోర్నా ఫోను పెట్టేసింది.

"చూశావా?" ఆర్విల్ హాయిగా నవ్వాడు. "ఏమీ కాలేదు. ఉత్తి పుణ్యానికి నా మీద అరిచావు."

ఆ నవ్వు చూశాక ఆమెకు భయం పోయింది, కోపం ఒక్కటే మిగిలింది. కూతురు పెట్టె తేగానే అతని ముందు పెట్టి, తూటా విప్పే సుత్తి చేతికిచ్చింది.

"విప్పు. ఒక్కోదాంట్లో మందు విడిగా తూచు."

"యాభయ్యా? నా భుజం పడిపోతుంది!"

"పడిపోనీ."

చెక్కదిమ్మ మీద కొట్టడం, గుండు ఊడదీయడం, మందు త్రాసులో పొయ్యడం. ప్రతిదానికీ ఆర్విల్ "చూశావా" అంటున్నాడు. ఇరవై దాటాక అనడం మానేసి రొప్పుతున్నాడు. ముప్పై ఏడోది విప్పి పోశాడు. గిన్నెలో మందు ధార ఆగాల్సిన చోట ఆగలేదు. త్రాసు మీద అంకె సరిగ్గా రెట్టింపు.

జోడీ ఆ అంకె వంక చూస్తూ కుడిచెయ్యి మెల్లగా జేబులో పెట్టుకుంది.

ఆర్విల్ సుత్తి బల్ల మీద పెట్టాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "దొరికిందిగా," అన్నాడు. "ఇక చాల్లే లోర్నా."

లోర్నా సుత్తి తీసి మళ్లీ అతని చేతిలో పెట్టింది.

"ఇంకా పదమూడున్నాయి. కొట్టు."