మల్సున్ చేతి నరం

మధ్యాహ్నం పిల్లలు పళ్లేలు పట్టుకుని వరసకట్టే లోపు మల్సున్ బడి వంటింట్లో గుండిగెడు పందిమాంసం వేయించాలి. చేతిలో పడవ నడిపేంత తెడ్డు. ఆరుగురి పని ముగ్గురు ఆడవాళ్లు లాగుతున్నారు. అదే బడిలో లెక్కలు చెప్పే నాకు సుద్దముక్క బరువుకే భుజం పీకేది. కాబట్టి ఆవిడ గురించి చెప్పే అర్హత నాకు లేదు, రెండోసారి వడ్డించుకున్న రుణం కొద్దీ చెబుతున్నాను.

ఆవిడ కుడిచెయ్యి మెడ నుంచి వేళ్ల దాకా మండేది. ఆసుపత్రిలో ఒక వ్యాయామం నేర్పారు. చెయ్యి పక్కకి చాపి, మణికట్టు వెనక్కి వంచుతూ, మెడని అదే వైపు వాల్చాలి. నరాన్ని లాగకూడదు, పైజామాలో నాడాలా జారనివ్వాలి అన్నారు.

మల్సున్‌కి నిజంగానే జారింది. మెడ వాల్చితే చూపుడువేలి కొస నుంచి నరం తెల్లటి దారంలా బయటికొచ్చేది. మెడ ఎత్తితే లోపలికి పోయేది.

"అక్కా, నీ నరం తొట్టి దాకా వచ్చింది. వేణ్ణీళ్లు పారబోస్తున్నా, కాస్త జరుపుకో," అనేది తోటి వంటామె మీక్యంగ్.

"దాటుకుని పోవే. నాకున్న సుఖం ఇదొక్కటే."

ఇంకో చలికాలం తెడ్డు తిప్పితే ఆ వేళ్లు ఇక ముడుచుకోవన్నాడు డాక్టరు. మల్సున్ మేడ మీద ఆఫీసులో బడి సిబ్బందిని చూసే బాంగ్ సార్‌ని వంటకి ఇంకొందరు మనుషుల్ని వెయ్యమని అడిగింది.

"చూడమ్మా, వయసు నొప్పి అది. ఇంట్లో జాడీలకొద్దీ కిమ్చీ పచ్చడి పెట్టుంటావు," అన్నాడాయన, తల ఎత్తకుండా.

మల్సున్ కిందికొచ్చి గుండిగ మూత నేలకేసి కొట్టింది. "బడి మొత్తానికి నా ఇంట్లోనే పెడుతున్నానటే కిమ్చీ?"

ఆ కోపంలో మెడ వాల్చింది. నరం వడ్డించే కిటికీ దాటి, మెట్లెక్కి, ఆఫీసు తలుపు కింద నుంచి దూరి, కుర్చీ చేతి దాకా పాకింది. బాంగ్ సార్ మహా శుభ్రమైన మనిషి. చొక్కా చేతికి దారం వేలాడటం చూసి, కుట్టు ఊడిందనుకుని, గుండీకి చుట్టి బిగించి ముడేశాడు.

కింద మల్సున్ తెడ్డు పట్టింది. పైన బాంగ్ సార్ చెయ్యి గాలిలో గుండ్రంగా తిరగసాగింది. మాంసం వేగేసరికి ఆయన మెడ నుంచి వేళ్ల దాకా ఒకటే మంట. విప్పబోతే ప్రాణం పోయినంత పనయింది. కత్తెర పెట్టాడు గానీ, తన చెయ్యే తెగినట్టనిపించి పడేశాడు.

దారం వెంబడే మెట్లు దిగి వచ్చాడు.

"మల్సున్ గారూ, ఇది కాస్త విప్పండి."

"వయసు నొప్పి సార్. ఇంట్లో కిమ్చీ పెట్టుంటారు."

మీక్యంగ్ గోడవైపు తిరిగి నవ్వుకుంది.

"పోనీ, తగ్గేదెలా?"

"చెయ్యి చాపండి. మెడ ఇటు వాల్చండి. లాగకండి, జారనివ్వండి."

ఆయన బుద్ధిగా చేశాడు. "మరి ముడి?"

"మనుషులొచ్చాక."

సోమవారం ముగ్గురు కొత్తవాళ్లు రబ్బరు బూట్లతో దిగారు. మల్సున్ తెడ్డు వాళ్లకి అప్పగించి, బాంగ్ సార్ గుండీ దగ్గర ముడి వదులు చేసింది. విప్పేముందు, డాక్టరు మాట బాగా గుర్తుండి కూడా, ఒక్కసారి గట్టిగా లాగింది.

ఇద్దరికీ నొప్పెట్టింది. ఆవిడకి అలవాటే.