రెండు దుంగలు

కార్బురేటర్ సన్న కన్నంలోకి వైనో మరోసారి గట్టిగా ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాలిక మీద పాత పెట్రోలు చేదు మిగిలింది. షెడ్డు కిటికీ వైపు ఎత్తి చూస్తే, ఆవగింజంత వెలుతురు కనబడింది. "హమ్మయ్య, కళ్ళు తెరిచావు," అన్నాడు దానితో.

కాళ్ళ దగ్గర, రెండు స్ప్రూస్ చెట్టు దుంగల మీద, మంచు మీద నడిచే మోటారు మంచుబండి నిలబడి ఉంది. రెయిన్‌డీర్లు మేపే ఒకాయన దగ్గర వేసవిలో కొన్నాడు దాన్ని. అప్పటికే ఏళ్ళ తరబడి బర్చ్ చెట్ల మధ్య పడి ఉంది. ఒకప్పుడు పసుపు రంగుదట. సీటు మీద నాచు మొలిచింది. హుడ్డు ఎత్తితే ఎలుక గూడు, అందులో ఎవరిదో సగం కొరికేసిన ఉన్ని చేతితొడుగు. పక్కింటి ఉర్హో అయితే, "ఒరేయ్ వైనో, బండి కొన్నావా, ఎలుకల కాపురం కొన్నావా?" అని ఊరంతా చెప్పుకు తిరిగాడు.

నవ్వితే నవ్వనీ. కొత్త బండ్లు దున్నపోతుల్లా బరువు. సరస్సు మీద తొలి మంచు వాటిని మోయదు. ఇది తేలిక. అందరికంటే ముందు సరస్సు దాటాలంటే ఇలాంటిదే కావాలి.

సెప్టెంబరు నుంచి దాన్నే పట్టుకుని కూర్చున్నాడు. మొదట, బండిని మంచు మీద జార్చే స్కీల తుప్పు గీకాడు. ఎండి బీటలిచ్చిన బెల్టు పీకేసి కొత్తది వేశాడు. బండి కింద తిరిగే రబ్బరు పట్టాకు ఒక్కో బోల్టూ బిగించాడు. సీటుకు పాత వానకోటు కోసి కుట్టాడు, కుట్లు వంకరగా వచ్చాయి గానీ గట్టిగా వచ్చాయి. డెబ్బై దాటిన వేళ్ళు చలికి మొద్దుబారితే చంకల్లో పెట్టుకుని కాచుకుని, మళ్ళీ మొదలు పెట్టేవాడు.

వైనో జీవితమంతా రోడ్ల మీద మంచు తోసే లారీలో గడిచింది. పొద్దున తోసింది సాయంత్రానికి మళ్ళీ కప్పేసేది. చేసిన పని ఆనవాలైనా మిగలని ఉద్యోగం. అమ్మ మంచాన పడితే చూసుకున్నాడు. ఆవిడ పోయేసరికి పెళ్ళి మాట ఎత్తేవాళ్ళూ లేకుండా పోయారు. తనదంటూ చెప్పుకోదగ్గ పని ఒక్కటే. ఏటా సరస్సు గడ్డకట్టగానే, అవతలి ఒడ్డున అంగడి దాకా మంచులో స్ప్రూస్ కొమ్మలు పాతుతూ దారి గుర్తులు పెట్టడం. మంచుతుఫానులో ఊరంతా ఆ కొమ్మలను నమ్ముకునే వెళ్ళేది.

ఆ దారి సరస్సు నడుమ ద్వీపం దాటగానే కుడికి వంగుతుంది. "అక్కడ అడుగున ఊట ఉంది, మంచు పలచన," అని మొదటి ఏడే చెప్పాడు వైనో. వంపు సరిగ్గా సైమి ఇంటి ముందు నుంచి పోతుంది. సైమికి భర్త పోయి చాలా కాలమైంది. రొట్టెలు కాలుస్తుంది, వలలు అల్లుతుంది, మాటలు మాత్రం పొదుపుగా వాడుతుంది. చలికాలంలో దారి గుర్తులు సరిచూసే నెపంతో, వేసవిలో చేపల నెపంతో వైనో అక్కడ కాఫీకి ఆగేవాడు. అక్కడి అలవాటు ప్రకారం కాఫీలో జున్ను ముక్క వేసి ఇచ్చేది. తాగి, సాయంత్రానికి ఇంటికి వచ్చేసేవాడు.

ఈ శరదృతువులో, ఆఖరిసారి పడవలో వెళ్ళినప్పుడు, గట్టు దిగుతూ అనేశాడు. "సైమీ, ఈ చలికాలం వచ్చాక... ఇక్కడే ఉండిపోనా?" ఆవిడ పడవ తాడు విప్పుతూ, "మంచు గట్టిపడనీ, చూద్దాం," అంది. అంతే. ఆ తర్వాత సరస్సు అటు పడవకూ ఇటు బండికీ పనికిరాకుండా వారాల తరబడి పడి ఉంది. ఔనందా, కాదందా? ఆ ఒక్క మాటను వైనో మరలతో పాటు విప్పి చూశాడు, మళ్ళీ బిగించాడు. తేలలేదు.

తలుపు కిర్రుమంది. ఉర్హో వచ్చాడు, గడ్డం నిండా మంచుపొడి, చేతిలో మంచు పొడిచి చూసే గునపం.

"ద్వీపం దాకా పొడిచి చూశాన్రా. ఈ ఎలుకలబండిని మోస్తుంది. ముందు నువ్వు దీన్ని కదిలించు చూద్దాం."

వైనో స్టార్టర్ తాడు లాగాడు. బండి దగ్గి ఊరుకుంది. ఇంకోసారి లాగితే అదీ లేదు. భుజం పట్టేసింది. ఇది గనక కదలకపోతే, ఉర్హో కొడుకు కొత్త బండిలో వెనకాల మూటలా కూర్చుని సైమి ముందు దిగాలి. ఆ ఊహకే ఒళ్ళు మండింది. ప్లగ్గు తీసి, చొక్కా అంచుతో తుడిచి, అరచేతిలో వెచ్చబెట్టి, మళ్ళీ బిగించి, బలమంతా పెట్టి లాగాడు.

బండి ఒక్కసారిగా అరిచింది. షెడ్డంతా నీలం పొగ. దూలం మీద మిగిలిన ఎలుక ఒకటి దూకి పారిపోయింది. ఉర్హో టోపీ గాల్లోకి ఎగరేశాడు, ఇద్దరు ముసలాళ్ళూ పొగలో దగ్గుతూ, ఒకరి భుజాలు ఒకరు చరుచుకుంటూ నవ్వారు.

బండిని దుంగల మీంచి దింపి, వెనక చిన్న జారుడుబండి కట్టి, కొమ్మల మోపు ఎక్కించారు. ఉర్హో నేల మీద దుంగల వైపు గడ్డం ఎగరేశాడు.

"వాటిని కట్టుకోవా?"

వైనో మొహం ఎర్రబడింది. కాఫీకి వెళ్ళేవాడికి దుంగలెందుకు? రాత్రి ఉండిపోయేవాడే బండిని దుంగలెక్కిస్తాడు, లేకపోతే తెల్లారేసరికి పట్టా నేలకు అతుక్కుపోతుంది. దుంగలు మోసుకుని వెళ్ళడమంటే, పిలవని ఇంటికి పరుపు చుట్టుకుని వెళ్ళడమే.

"సాయంత్రానికి వచ్చేస్తాగా," అన్నాడు.

"సరే సరే. ఆ ఊట దగ్గర జాగ్రత్తరా. ఊరంతా ఇన్నేళ్ళుగా దాని చుట్టూ తిరుగుతున్నాం, ఒక్కడికీ కాలు తడవలేదు."

"అక్కడ ఊట లేదని నీకు తెలుసా?"

"మా ఆవిడకు తెలుసు. అంటే ఊరందరికీ తెలుసు. ఆ వంపులో కాఫీ బాగుంటుందిలే, అందుకే ఎవరూ ఏమీ అనలేదు."

వైనోకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. బండి ముందుకు ఉరికించాడు.

సరస్సు నల్లగా, అద్దంలా ఉంది. కొంచెం దూరం పోవడం, ఆగడం, కన్నం తొలచడం, కొమ్మ నిలబెట్టడం. పాత బండి ఒక్కసారీ మొరాయించలేదు. ద్వీపం దాటాడు. ఉత్తరాది చలికాలం కదా, మధ్యాహ్నానికే చీకటి దిగుతోంది. కుడికి తిప్పాడు. ఉండొద్దంటే ఏం చెయ్యాలి? కాఫీ తాగి, మిగతా కొమ్మలు పాతి, వెనక్కి పోవాలి. అంతకు మించి ఏముంది, అనుకున్నాడు. కానీ చాలా ఉంది, అది అతనికి తెలుసు.

గట్టెక్కి ఇంజను ఆపాడు. సైమి ఇంటి గోడవార, చూరు కింద, రెండు స్ప్రూస్ దుంగలు పక్కపక్కనే పరిచి ఉన్నాయి. బెరడు ఒలిచినవి, తెల్లగా, బండి పట్టా వెడల్పుకు సరిపడా ఎడంగా.

సైమికి బండి లేదు. ఏనాడూ లేదు.

తలుపు తీసుకుని ఆవిడ బయటికి వచ్చింది, చేతులకు పిండి.

"ఏమిటలా నిలబడ్డావ్? బండి పైకెక్కించు. కాఫీ చల్లారిపోతోంది."

"ఇవి... ఎప్పుడు కొట్టావు?"

"నువ్వు పడవెక్కి వెళ్ళిన మర్నాడే."

"ఫోనుందిగా సైమీ! ఒక్క మాట చెప్పకూడదూ? సగం చచ్చాను."

"చెబితే ఆ తుక్కుబండిని ఇంత ముస్తాబు చేసేవాడివా?" అని, వంకర కుట్ల సీటును వేలితో తడిమి, మొదటిసారి పళ్ళు కనబడేలా నవ్వింది.

వైనో బండిని దుంగలెక్కించాడు. కళ్ళు తుడుచుకుంటే మొహమంతా గ్రీజు అయింది. మిగతా కొమ్మలు రేపు పాతవచ్చు.

ఊరి వైపు ఒడ్డున ఉర్హో రాత్రి భోజనం వేళ దాకా చూశాడు. సరస్సు మీద ఎక్కడా దీపం కదలలేదు. ఈల వేసుకుంటూ వెళ్ళి షెడ్డు తలుపు మూయబోయాడు. లాంతరు వెలుగులో వైనో దుంగలు రెండూ పెట్టినచోటే ఉన్నాయి, మధ్యలో ఒక నూనె చుక్క, ఒక చివర మీద సగం కొరికిన ఉన్ని చేతితొడుగు.