గాలి దువ్విన కారు

మామయ్యకు ఎడమ మోకాలు మొరాయించింది. క్లచ్ తొక్కినప్పుడల్లా కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, ఇక నడపడం మానెయ్యమని డాక్టరు తేల్చి చెప్పాడు. నాలుగు రోజులు డాక్టర్ని తిట్టుకుని, ఐదో రోజున ఆ రెండు సీట్ల స్పోర్ట్స్ కారును మేనకోడలి చేతిలో పెట్టేశాడు. ఇచ్చినవాడు ఊరుకోవచ్చుగా? ఊరుకుంటే మామయ్య ఎందుకవుతాడు? ఇంటిల్లిపాదీ వింటుండగా, ఇంజిను సంగతి ఇన్నాళ్లూ తాను చూసుకున్నానని, ఇక పైపై సోకులకు డబ్బు కూడా తానే ఇస్తానని, ఇష్టం వచ్చినట్టు చేయించుకోమని అనేశాడు. ఓ పాలిష్, మహా అయితే కొత్త చక్రాలు అనుకున్నాడు పాపం.

మేనకోడలు దర్జీ. కోట్లు, యూనిఫారాలు కుడుతుంది. ఏ గుడ్డ చూసినా ముందు ఎక్కడ కత్తిరించాలా అని చూసే పిల్ల. వారం తిరక్కుండానే ఫోను నిండా బొమ్మలు పోగేసి మామయ్య ముందు పెట్టింది. చక్రాల మీద వెడల్పు ఫెండర్లు, తలుపుల కింద సైడ్ స్కర్టులు, వెనక డిక్కీ మీద రెక్కలాంటి స్పాయిలర్. వీధిలో ఇప్పటికీ అందరూ దీన్ని మామయ్య కారే అంటున్నారనీ, తాను నడుపుతున్నా ఎరువు తెచ్చుకున్నట్టే ఉందనీ, ఒక్కసారైనా ఇది నాది అనిపించాలనీ ఆ పిల్ల గోడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మామయ్యకు వచ్చిన చిక్కల్లా అదే.

ఇద్దరూ కార్లకు రేకు పని చేసే రేకులక్క షెడ్డుకు వెళ్లారు. రెండు గోదాముల మధ్య సందులో ఉంటుంది. గోడ పొడుగునా డోర్లు, బంపర్లు మేకులకు వేలాడుతుంటాయి. పుట్టీ రుద్దిన దుమ్ము కుర్చీల మీద, రేడియో మీద, చివరికి టీ గ్లాసుల మీద కూడా తెల్లగా పేరుకుని ఉంటుంది. రేకులక్క అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఆమెకన్నా వయసులో పెద్దవాళ్లు కూడా అక్క అనే అంటారు. చేతిలో ఎప్పుడూ సుత్తి ఉండే మనిషిని ఇంకెలా పిలుస్తారు?

ఆమె కారు చుట్టూ ఒకసారి తిరిగి లెక్క చెప్పింది. మామయ్య ఇచ్చిన డబ్బుకు ఫెండర్లు వెడల్పు చేసి రంగు వేయించుకోవచ్చు, లేదా స్పాయిలర్, స్కర్టులు పెట్టి స్టిక్కరు అంటించుకోవచ్చు. రెండూ కావాలంటే మాత్రం కుదరదు, మంచం ఉన్నంతవరకే కాళ్లు చాచుకోవాలంది. తర్వాత ముందు చక్రం పైన అరచేయి ఆనించింది.

"వెడల్పువి పెట్టాలంటే పాతదాన్ని ఇక్కడిదాకా కోసెయ్యాలి. కోశాక మళ్లీ ఈ రూపం రాదు. ముందే చెప్తున్నా, తర్వాత నన్ననొద్దు."

మేనకోడలు తల ఊపి, సంచిలోంచి సుద్దబిళ్ల తీసింది. కోటుకు చంక గీసినంత అనాయాసంగా ఫెండరు మీద తెల్లటి గీత గీసింది. మామయ్యకు అది తన ఒంటి మీద గీసినట్టే అనిపించింది. ఆ బూడిదరంగు రేకును ఎన్ని ఆదివారాలు కడిగి తుడిచాడో ఆయనకే తెలియదు. వద్దు అనడానికి నోరు తెరిచి మూసేశాడు. నీ ఇష్టం అని అందరి ముందూ అన్న నోరు కదా అది. గోడకు వేలాడుతున్న రంపపు మిషన్ వైపు చూసి, మింగలేక కక్కలేక నిలబడ్డాడు.

అప్పుడు ఆయనకో ఉపాయం తోచింది. స్పాయిలర్‌కైతే నాలుగు కన్నాలు చాలు, రేపు వద్దనుకుంటే విప్పేసి కన్నాలు పూడ్చుకోవచ్చు. అంతే, ఉన్నట్టుండి మామయ్య స్పాయిలర్‌ను ఆకాశానికెత్తడం మొదలెట్టాడు. మొన్నటిదాకా స్పాయిలర్ పెట్టిన కారు కనబడితే, బట్టలు ఆరేసుకోవడానికా అని నవ్విన మనిషి! ఇప్పుడు అది లేని కారు కారే కాదన్నాడు. దానివల్ల కారు నేలను అంటిపెట్టుకుని పరిగెడుతుందన్నాడు.

మేనకోడలు ఆయన్ని ఎగాదిగా చూసింది. "నువ్వు స్పాయిలర్‌ని మెచ్చుకుంటున్నావంటే ఏదో మతలబు ఉంది మామయ్యా."

మతలబేమీ లేదని ఆయన బుకాయించాడు. రేకులక్క సుత్తి పక్కన పెట్టి, వాదన దేనికి, గాలినే అడుగుదామంది. వేలెడు దారం ముక్కలు కారంతా అంటించి పరుగెత్తిస్తే, గాలి ఎటు పోతోందో దారాలే చూపిస్తాయట. స్పాయిలర్ పనికొచ్చేదో, ఊరికే అలంకారమో తేలిపోతుందంది. ఎవరో వదిలేసి పోయిన పాత స్పాయిలర్‌ను కన్నాలు పెట్టకుండా, క్లాంపులతో అప్పటికప్పుడు డిక్కీకి బిగించింది. మేనకోడలు సంచిలో దారానికి కొదవా? నారింజరంగు ఊలు ఉండ తీసి కత్తిరించడం మొదలెట్టింది. మామయ్య టేపు ముక్కలు అందించాడు. బానెట్టు మీద, తలుపుల మీద, కప్పు మీద, స్పాయిలర్ మీద, చక్రాల చుట్టూ అంటించేసరికి కారుకు జుట్టు మొలిచినట్టయింది.

మర్నాడు పొద్దున్నే గోదాముల వెనక ఉన్న తిన్నటి రోడ్డుకు వెళ్లారు. కారు మేనకోడలు నడిపింది. రేకులక్క తన వ్యాను నడుపుతుంటే, చూసి చెప్పడానికి మామయ్య ఆమె పక్కన కూర్చున్నాడు. ఆయన కళ్లన్నీ డిక్కీ మీదే. ఒరేయ్ స్పాయిలర్, నా పరువు నిలబెట్టు అని లోలోపల మొక్కుకుంటున్నాడు.

కారు వ్యాను పక్కకు వచ్చింది. మొదట దారాలు ఎటు పడితే అటు గంతులేశాయి. వేగం పెరిగేకొద్దీ ఒక్కొక్కటే అణగడం మొదలెట్టాయి. బానెట్టు మీది వరసలు వెనక్కి వాలాయి. ముందు అద్దం దాకా వచ్చి, అక్కడ రెండుగా పాయ తీసినట్టు విడిపోయి, కప్పు మీద మళ్లీ కలుసుకున్నాయి. ఫెండరు వంపు దగ్గర అన్నీ కలిసి మెల్లగా పైకి లేచి, ఆ వంపు ఎక్కి, అవతలికి దిగి, తలుపు మీదుగా వెనక్కి సాగిపోయాయి. అక్కడ ఒక్కటంటే ఒక్కటి వణకలేదు. చిక్కు లేకుండా తల దువ్వినట్టు, కారంతటినీ గాలి దువ్వుతోంది.

మామయ్య డిక్కీ సంగతే మరిచిపోయాడు. కంటికి కనబడని గాలి ఎదురుగా కనబడుతోంది. ఆ వంపును ఏనాడో, ఎక్కడో, తానెరగని మనిషెవరో మలిచి ఉంటాడు. ఇన్నేళ్లుగా గుడ్డపెట్టి తుడిచిన ఆ వంపు అందం కోసమే అనుకున్నాడు తాను. అది గాలికి వేసిన దారని ఇప్పుడు తెలిసింది.

అంతకన్నా పెద్ద సంగతి ఒకటి ఆయన గుండెను పట్టేసింది. తన కారు పరుగెత్తుతుండగా తాను చూడటం ఇదే మొదటిసారి. దుకాణాల అద్దాల్లో ముక్కలు ముక్కలుగా కనబడితే కనబడి ఉండొచ్చు. అది నిండుగా పరిగెడుతుంటే, ఇలా పక్కనుంచి, ఎప్పుడు చూశాడు గనక? తాను నడిపిన ఇన్నేళ్లూ లోపలే ఉన్నాడు. ఇంత అందగత్తెతో ఇన్నేళ్లు కాపురం చేసి, ఒక్కసారి కూడా మొహం చూడలేదు. కళ్లు తుడుచుకుంటే రేకులక్క చూస్తుందని తుడుచుకోలేదు.

బండ్లు ఆపారు. రేకులక్క తీర్పు చెప్పేసింది. స్పాయిలర్ తన మీది దారాలను నాట్యమాడించడం తప్ప చేసిందేమీ లేదు, అది శుద్ధ దండగ, డబ్బంతా ఫెండర్లకే పెట్టమంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. మేనకోడలి మొహం వెలిగిపోయింది. ఇప్పుడే షెడ్డుకు పోయి కోత మొదలెట్టేద్దామంది.

మామయ్య ఫెండరు మీది సుద్దగీత వైపు చూశాడు. ఇప్పుడు ఏ ఎత్తూ వెయ్యబుద్ధి కాలేదు. అంత చూశాక అబద్ధమాడటానికి సిగ్గేసింది.

"కోయాలనుకుంటే కొయ్యి తల్లీ. ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉంది," అన్నాడు. "కానీ ముందు ఒకసారి చూడు. నువ్వు వ్యాను ఎక్కు. నేను నడుపుతాను."

"నీ మోకాలో?"

"అది నాతోనే వస్తుందిలే."

వద్దన్నా వినలేదు. స్పాయిలర్ విప్పించి, స్టీరింగు ముందు కూర్చున్నాడు. మోకాలు ససేమిరా అంది. అరచేత్తో తొడను కిందికి నొక్కి క్లచ్ తొక్కాడు. గేరు మారినప్పుడల్లా పళ్లు కొరుక్కున్నాడు. డాక్టరు గనక చూసి ఉంటే ఇద్దరిలో ఒకరు ఆసుపత్రి పాలయ్యేవారు. టాప్ గేరు పడ్డాక కాలు తీసేసి, కారును వ్యాను పక్కన నిలకడగా పట్టుకున్నాడు. పక్కకు ఒక్కసారి చూశాడు. వ్యాను కిటికీలో మేనకోడలు కనబడింది. రెండు అరచేతులూ అద్దానికి ఆనించి, నోరు తెరిచి చూస్తోంది.

బండ్లు ఆగాయి. మేనకోడలు వ్యాను దిగి వచ్చి, ఫెండరు ముందు గొంతుక్కూర్చుంది. చొక్కా చేతిని వేళ్లమీదికి లాక్కుని సుద్దగీత మొత్తం తుడిచేసింది. ఒకచోట పోకపోతే ఉమ్మి తడి చేసి మరీ రుద్దింది.

"రంగు మాత్రం నా ఇష్టం," అంది లేస్తూ. "ఈ దారం రంగు వేయిస్తాను."

నారింజరంగు! మామయ్య ఎలాగో సరేనన్నాడు. ఒక్క ఉదయంలో సగం బేరం పోగొట్టుకున్నానని రేకులక్క గొణిగింది గాని, ఆమె కూడా ఫెండరు వంపు మీద ఒకసారి చెయ్యి వేసి చూసుకుంది.

మామయ్య సీట్లోంచి లేవలేకపోయాడు. మేనకోడలు తలుపు తీసి చెయ్యి అందించింది. ఆ చెయ్యి పట్టుకుని దిగుతుంటే ఆమె మెల్లగా అడిగింది.

"ఇన్నేళ్లలో దీన్నిలా ఒక్కసారి కూడా చూసుకోలేదా మామయ్యా?"

"ఎలా చూస్తానే? స్టీరింగు ఎవరికైనా ఇస్తేగా," అన్నాడాయన. తాళాలు ఆమె చేతిలో పెట్టి, కుంటుకుంటూ అవతలి సీటు వైపు నడిచాడు.