తెలుగు మాట్లాడినాడు

గోవింద మూడు తెల్లకాగితాల మధ్య రెండు కార్బన్లు పెట్టి, అంచులు సరిచేసి, తొడ మీది అట్టకు క్లిప్పు బిగించాడు. తమిళనాడులో, రాజపాళయం తాలూకా ఆఫీసు గోడ పక్కన ముప్పై ఏళ్లుగా ఇతరుల అర్జీలు రాస్తున్నాడు. పెన్ను ఆనే వేలు కాయ కాసింది. ఇవాళ రాస్తున్నది తన అర్జీ.

ఫోన్ మోసగాళ్ల మీద కొత్త చట్టం రాబోతోంది. జనం చెప్పదలచుకున్నది ఇవాళ సాయంత్రం ఐదింటిలోగా ఈ ఆఫీసులో ఇచ్చేయాలి.

పొద్దున సేత్తూరులో బస్సుకు బయలుదేరుతుంటే భార్య కమలం ఎదురొమ్ము రుద్దుకుంటూ గుమ్మంలో నిలబడింది.

"ఏమో పట్టినట్టు ఉండాది."

"సాయంత్రం డాక్టరు దగ్గరికి పోదాం. ఈ పొద్దు ఆఖరి దినం."

ఆరు నెలల కింద ఆమెకు బ్యాంకు అంటూ ఒకడు ఫోన్ చేశాడు. ఏ ఆఫీసూ ఆమెతో ఎన్నడూ తెలుగు మాట్లాడలేదు. వాడు మాత్రం "అమ్మా, భోంచేశారా" అన్నాడు. మనవాడే కదా అని అడిగిన అంకెలన్నీ చెప్పేసింది. ఖాతాలో డబ్బంతా పోయింది. మీరే చెప్పారు కనుక తప్పు మీదేనన్నారు బ్యాంకులో. గోవింద కూడా అరిచాడు. "మనవాళ్ల మాదిరి వచ్చినాను అనకుండా వచ్చాను అన్నాడే, అప్పుడైనా తెలియలేదా?" ఆమె ఫోన్ తీసి గూట్లో పెట్టేసింది. మళ్లీ ముట్టలేదు.

నమ్మి చెప్పినవాళ్లది తప్పు కాదని చట్టంలో ఉండాలి. ఆ మాట ఆమెకు చదివి వినిపించాలి. ఆయన అర్జీ అంతా ఇదే.

లోపల కౌంటరులో గుమస్తా శివరంజని చదివి ఒక వాక్యం కొట్టేసింది. తమిళంలో అడిగింది: "అయ్యా, తెలుగు మాట్లాడినాడు అని రాసినారే, అది నేరమా? అట్లయితే మొదట మిమ్మల్నే పట్టుకోవాల."

వెనక వరుసలో నవ్వారు.

"ఆమె నమ్మింది దాన్నేమ్మా."

"అర్జీలో దానికి చోటు లేదు. మార్చి రాసుకొని రండి."

మళ్లీ కార్బన్లు పెట్టాడు. జేబులో ఫోన్ మోగింది. తెలియని నెంబరు. కట్ చేశాడు. మళ్లీ మోగింది, మళ్లీ కట్ చేశాడు. మూడోసారి పళ్లు కొరుకుతూ ఫోనే ఆపేశాడు. ఐదుకు పది నిమిషాలుండగా, ఆ వాక్యం లేని అర్జీ మీద ముద్ర పడింది.

సేత్తూరులో బస్సు దిగి వచ్చేసరికి వాకిట్లో చెప్పులు గుంపుగా ఉన్నాయి. పక్కింటి సుగన్య ఎదురొచ్చింది.

"మూడుసార్లు పిలిచినాను మామా. నాది కొత్త నెంబరు."

కమలాన్ని చాప మీద పడుకోబెట్టి తలాపున దీపం పెట్టారు. గోవింద ముద్ర పడిన నకలు చేత్తో పట్టుకొని ఆమె పక్కన కూర్చున్నాడు. చదవలేదు.

గూట్లో ఆమె ఫోన్ అట్లాగే ఉంది. మోసం జరిగిన నాడు దానికి రబ్బరుబ్యాండు వేసి ఆయన కట్టిన చీటీ మీద, తమిళ అక్షరాల్లో తెలుగు మాట: తెలియని నెంబరు ఎత్తొద్దు.