రెండో కోటు

మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్ ఊరికి ఉత్తరాన, కొండ వాలు మీద ఉంది మా వీధి ఆసుపత్రి. ఎనిమిదింటికి తలుపు తీస్తారు, తొమ్మిదికల్లా వసారాలో కాలు పెట్టే చోటుండదు. చలికి పశువులు చచ్చిపోయినవాళ్లంతా మైదానం వదిలొచ్చి ఇక్కడ గుడారాలు వేసుకుంటున్నారు, ఏడాదికో వీధి పుట్టుకొస్తోంది. డాక్టరు మాత్రం ఒక్కరే, సర్నై. రెండో డాక్టరు కుర్చీ మూడేళ్లుగా ఖాళీ.

ఆ కుర్చీలో నిరుటి శీతాకాలం నుంచి సర్నై రెండో తెల్లకోటు కూర్చుంటోంది. నూట నలభై మంది వచ్చిన రోజు అది కొక్కెం మీంచి దిగింది. నర్సు దుల్మా దాని గదికి కూడా నంబరు చీటీలు ఇవ్వడం మొదలెట్టింది, అంతే.

కోటుకి తల లేదు, నోరు లేదు. ఉన్నవల్లా రెండు చేతులు. నాడి పట్టుకుని, చెప్పిందంతా వింటుంది. "త్వరగా చెప్పండి" అనదు. ఇంకేం, జనం దాని వరసలోనే చేరారు.

సర్నైకి కడుపు మండిపోయింది. దాచడమెందుకు, అసూయే. ఆరేళ్లు చదివి, ఇరవై ఏళ్లు ఈ కొండ ఎక్కి దిగింది తను.

"దరీమా అవ్వా, నా వరస చిన్నది. ఇటు రండి."

"వద్దులే తల్లీ, ఆ డాక్టరుగారికే చూపించుకుంటాను. నా కోడలి సంగతి చెప్పడం సగంలో ఉంది."

"అది డాక్టరు కాదవ్వా, గుడ్డ. నేను ఇస్త్రీ చేసుకునే గుడ్డ."

"ఏమో మరి. మోకాలి నొప్పి మాత్రం తగ్గింది."

దానికోసం ఉప్పు వేసిన పాల టీ తెచ్చేవాళ్లు, ఎండు పెరుగు ముక్కలు తెచ్చేవాళ్లు. అది తాగదు కనక దుల్మా తాగేది. సర్నై ఉండబట్టలేక ఒక ఉదయం దాన్ని బకెట్లో నానబెట్టేసింది. తడి కారుతూనే వచ్చి కూర్చుంది. పాపం తడిసిపోయారంటూ జనం కుర్చీని పొయ్యి దగ్గరికి జరిపారు.

ఆ నెలలోనే సర్నైకి కొండ ఎక్కేటప్పుడు మూడో కరెంటు స్తంభం దగ్గర ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది. ఎడమ భుజం లాగుతోంది. ఇంకెవరైనా ఈ మాట చెబితే అప్పటికప్పుడే గుండె ఆసుపత్రికి పంపేది. తన విషయంలో మాత్రం తప్పంతా గుడారాల బొగ్గు పొగ మీదికి నెట్టేసింది.

"ఒక్కరోజు వెళ్లి చూపించుకోండమ్మా," అంది దుల్మా.

"నేను వెళ్తే ఇక్కడెవరున్నారు?"

"కోటుగారున్నారుగా."

"అందుకే వెళ్లను."

మంగళవారం పొద్దున వసారాలో కోటు ఎదురొచ్చింది. దాని అంచు నేలకి జీరాడుతోంది. సర్నై తొక్కింది. చూసే తొక్కింది.

మా దేశంలో ఒకరి కాలు తొక్కితే వెంటనే చెయ్యి కలపాలి, లేకపోతే పగ మిగిలిపోతుంది. మా ఇరుకు వసారాలో రోజుకి వందసార్లు జరిగేదే. సర్నై మాత్రం ముందుకి సాగబోయింది. వసారాలో దగ్గులు కూడా ఆగిపోయాయి.

"చెయ్యి కలపమ్మా," అంది దరీమా అవ్వ.

"దానికి కాలెక్కడుంది?"

"తొక్కావుగా. కలుపు."

అందరూ చూస్తున్నారు. సర్నై మొహం పక్కకి తిప్పుకుని చెయ్యి చాచింది. కోటు అందుకుంది, వదల్లేదు. మెల్లగా మణికట్టు మీదికి జరిగి నాడి దగ్గర ఆగింది. ఒక నిమిషం లెక్కపెట్టింది. మళ్లీ ఇంకో నిమిషం. బెంచీ మీదివాళ్లు లేచి చోటిచ్చారు. కోటు ఆమెని కూర్చోబెట్టి, దుల్మా దగ్గర కాగితం తీసుకుని రాసింది.

'గుండె ఆసుపత్రి. ఇవాళే. నడవకూడదు.'

అక్షరాలు సర్నైవే, ఒకప్పుడు తీరిగ్గా రాసినప్పటివి. చించేద్దామనుకుంది. తప్పు ఎక్కడుందా అని రెండుసార్లు చదివింది. దొరకలేదు. దాంతో ఆమెకి ఇంకా మండింది. అప్పటికే ఎవరో కారు తెచ్చి గుమ్మం ముందు ఆపారు.

పెద్దాసుపత్రిలో మధ్యాహ్నానికల్లా మూసుకుపోయిన రక్తనాళం తెరిచారు.

"రేపటిదాకా ఆగుంటే మీరు మిగిలేవారు కాదు," అన్నాడు అక్కడి డాక్టరు. "మిమ్మల్ని ఎవరు పంపారు?"

కొండ మీద ఈపాటికి రెండు వరసలూ ఒకటైపోయి ఉంటాయి, అందరూ దాని ముందే కూర్చుని ఉంటారు. తలుచుకుంటే సర్నైకి కడుపులో మంట ఇంకా అలాగే ఉంది.

"మా ఆసుపత్రిలో ఇంకో డాక్టరున్నారు," అంది. "నాకన్నా ఓపిక ఎక్కువ."