పసుపెక్కని గుంట

పరీక్ష పళ్ళెంలో తొంభై ఆరు చిన్న గుంటలు. తొంభై అయిదు పసుపెక్కాయి, ఒక్కటి మాత్రం మంచినీళ్ళలా ఉండిపోయింది. చుక్కలమ్మ పళ్ళేన్ని దీపం కిందికి జరిపి మళ్ళీ చూసింది. పదేళ్ళుగా గుంటల్లో చుక్కలు వేసీ వేసీ ఆవిడకా పేరు స్థిరపడింది. అసలు పేరు ప్రయోగశాలలో ఎవరికీ గుర్తులేదు.

ప్రతి గుంటలోనూ పరాన్నజీవి నుంచి తీసిన ఎంజైమ్ ఉంటుంది. అది లేనిదే ఆ పురుగు బతకదు. మేత వేస్తే ఎంజైమ్ దాన్ని కొరికి పసుపు చేస్తుంది. పసుపెక్కలేదంటే, మందవుతుందేమోనని ఆ గుంటలో కలిపిన కొత్త రకం పొడి దాని నోరు కట్టేసిందన్నమాట. లేదా చుక్క వెయ్యడం మరిచిపోయారన్నమాట! కిందటి నెల అదే జరిగింది. మందు దొరికిందని ఊరంతా టముకు వేశాక, అసలు ఎంజైమే వెయ్యలేదని తేలింది. నవ్వినవాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

"మళ్ళీ మరిచిపోయుంటావమ్మా," అన్నాడు ప్రయోగశాల పెద్దాయన, తలెత్తకుండానే. పదేళ్ళయినా మందు దొరకలేదని, శనివారానికల్లా పొడుల బీరువా ఖాళీ చెయ్యమని ఆయనకి పైనుంచి ఉత్తరం వచ్చింది.

చుక్కలమ్మకి ఒళ్ళు మండింది. ఇప్పుడున్న మందు ఆవిడ తమ్ముడి ఒంట్లో పురుగుని చంపింది, దాంతోపాటే కిడ్నీల్నీ తినేసింది. "మీ కళ్ళముందే వేస్తాను, చూడండి!" అని ఆ గుంటలో ఎంజైమూ మేతా మళ్ళీ వేసింది. అవే చుక్కలు పొడి లేని కొత్త గుంటలోనూ వేసింది. కొత్తది చూస్తుండగానే పసుపెక్కింది. ఇది ఉలకలేదు, పలకలేదు.

పెద్దాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మనిషి కణాల్ని కూడా చంపితేనో?"

మనిషి కణాలు పరిచిన గిన్నెలో పురుగుల్ని వదిలి, ఆ పొడి కలిపారు. శనివారం పొద్దున బీరువా మోసేవాళ్ళు గుమ్మంలో నిలబడి ఉండగా పెద్దాయన మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు. ఎంతకీ లేవడే!

"చెప్పండి సార్, ప్రాణం తీయకండి."

ఆయన జరిగి చోటిచ్చాడు. తోకలు ఝళిపిస్తూ తిరిగే పురుగులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. వాటి మధ్య మనిషి కణాలు హాయిగా పరుచుకుని ఉన్నాయి. ఒకటి రెండుగా చీలుతోంది కూడా! ఆవిడకి చేతులు జోడించాలనిపించింది. ఎవరికో తెలియలేదు.

"బీరువా ఎత్తమంటారా?" అన్నాడొక మోతగాడు.

"ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా," అన్నాడు పెద్దాయన, కళ్ళు ఒత్తుకుంటూ.

చుక్కలమ్మ తమ్ముడికి ఫోన్ చేసింది. "పురుగు చచ్చిందిరా, మనిషి కణాలకేం కాలేదు. అయితే మందు కావడానికి ఏళ్ళు పడుతుంది..."

తమ్ముడు మధ్యలోనే అందుకున్నాడు.

"పట్టనీ అక్కా. నా తర్వాతవాడు కిడ్నీలతో ఇంటికెళ్తాడు."