బలాశ్వగంధాది పట్టిన పెట్టె

"టైపు కొట్టడానికి ఆదివారం కూడా పోవాలా?" అంది అత్తగారు, నా చేతిలోంచి మందు గంజి గిన్నె అందుకుంటూ. కర్కిటక మాసమంతా పొద్దున్నే ఆవిడకు ఆ గంజి కాచిచ్చేది నేనే. ఆ రోజు మాసంలో చివరి రోజు. తెల్లారితే చింగం ఒకటి, మా మలయాళీలకు కొత్త సంవత్సరం. ఇల్లు మూలమూలా కడగాలి. "మధ్యాహ్నానికి వచ్చేసి కడుగుతానమ్మా" అన్నాను. మా ఆయన సుగతన్ పేపరు వెనకనుంచి, "వెళ్లనీ అమ్మా, షీజ వెళ్లకపోతే వాళ్ల కంపెనీ మూతబడుతుంది" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. మామూలుగా అయితే నేనూ నవ్వేదాన్ని. ఆ రోజు నవ్వు రాలేదు, చెప్పులు వేసుకుని బయటికొచ్చేశాను.

పెళ్లికి ముందు నేను వెబ్ పేజీలు కట్టినదాన్ని. ఇది గొప్పకి చెప్పడం లేదు. సరే, గొప్పకే చెబుతున్నాను. పాప పుట్టాక నాలుగేళ్లు ఇంట్లో ఉండి, మళ్లీ ఉద్యోగానికి వెళితే త్రిశ్శూర్‌లో ఆ చిన్న కంపెనీ యజమాని టోమి సార్, "పని అంతా మారిపోయింది షీజా, ముందు మలయాళం టైపు చేస్తూ ఉండు, తరవాత చూద్దాం" అన్నాడు. ఆ తరవాత అనేది రెండేళ్లయినా రాలేదు. నాకన్నా ఏడేళ్లు చిన్నవాడు జిజో పేజీలు కట్టేవాడు, నేను వాటిలో మాటలు నింపేదాన్ని. టీ పొడి అయిపోతే గుర్తుచేసేదీ, కొత్తగా చేరినవాళ్లకి కీబోర్డు నేర్పేదీ నేనే. అవి ఎవరి పనీ కాదు గనక నా పని. ఇంట్లో అలవాటైన సూత్రమే. నాకు కావలసిందల్లా ఒక్కటే, పేజీలు కట్టేదాన్నని ఒప్పుకోవడం.

ఆ ఆదివారం ఎందుకు వెళ్లానంటే, ఒక వైద్యశాలకి మేం చేసిన సైటు మర్నాడు పదింటికి ప్రారంభం. మా దగ్గర వెబ్‌సైటుకైనా దీపం వెలిగించకుండా ప్రారంభం ఉండదు. తీరా చూస్తే శనివారం సాయంత్రం వైద్యశాల పెద్దాయన, మేమంతా వైద్యరే అని పిలిచే మనిషి, తన గదిలో కంప్యూటర్ తెరిచి చూసుకుని టోమి సార్‌కి ఫోన్ చేశాడట: "కుడి పక్క ఉండాల్సింది కింద పడిపోయిందయ్యా. అడుగున నా చిరునామా మీదికి మందుల పేర్లు ఎక్కేశాయి. ఇదా నువ్వు చూపించింది?"

నేను వెళ్లేసరికి జిజో తల పట్టుకుని కూర్చున్నాడు. "చేచీ, మీ మలయాళం వల్లే ఇదంతా" అన్నాడు. మా దగ్గర అక్కని చేచి అంటారు. "నేను ఇంగ్లీషు మాటలతో కట్టినప్పుడు సరిగ్గా కూర్చుంది. ఈ పొడుగు పేర్లు కొంచెం కత్తిరించండి. బలాశ్వగంధాది ఎందుకు, బలా అని పెట్టి చుక్కలు పెట్టేయండి."

"రోగికి బలా అని చుక్కలు పెట్టిన తైలం రాస్తారా?" అన్నాను.

"వేరే దారి లేదు చేచీ."

వేరే దారి ఉంది. నాకు తెలుసు. పక్కపక్కన నిలబడాల్సిన మూడు పెట్టెల్నీ ఎడమకి తేలమని చెప్పాడు జిజో, అది సరే. కానీ వాటిని మోసే పెద్ద పెట్టె ఒకటుంటుంది, అది తేలేవాటిని లెక్కలోకి తీసుకోదు. లోపల ఎంత సామానున్నా తన ఎత్తు సున్నా అనుకుని చతికిలబడుతుంది. అది నిలబడ్డానికి జిజో ఒక ఎత్తు అంకె వేసి మేకు కొట్టాడు. ఇంగ్లీషు మాటలు అందులో పట్టాయి. మా మాటలు ఎక్కువ వరసలు పట్టి, ఆ అంకె దాటి చిరునామా మీదికి పొర్లాయి. పైగా వైద్యర్ గదిలో ఉన్నది పాత బ్రౌజర్. అందులో పొడుగు మాట నడిమి పెట్టెను సాగదీస్తుంది, అది సాగితే వరసలో చోటు చాలక మూడోది కిందికి జారుతుంది. నలుగురు కూర్చునే బెంచీ మీద లావాటి మనిషి కూర్చుంటే చివరివాడు లేచి నిలబడ్డట్టే. లావాటి మనిషిని కోసేస్తామా ఎవరైనా?

"లే జిజో" అన్నాను. అంత పెద్ద గొంతు నాకుందని నాకే తెలీదు. వాడు లేచాడు.

అప్పుడే సుగతన్ ఫోను. "అమ్మ భోజనం చెయ్యలేదు. కుక్కర్ ఎన్ని కూతలు రావాలి?" కాలేజీలో లెక్కలు చెప్పే మనిషి. "లెక్కపెట్టుకుంటూ ఉండు, మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది" అన్నాను. "మరి ఇల్లు కడగడం?" అన్నాడు. "చీపురు పెరట్లో ఉంది" అని పెట్టేశాను.

ఎత్తు అంకె తీసేశాను. మూడు పెట్టెల తరవాత, ఇక్కడితో తేలడం ఆపి పైవాటి కిందనుంచే మొదలవ్వమని ఒక్క వరస రాశాను. పెద్ద పెట్టె లేచి నిలబడింది. ఎడమ పెట్టెలో, అంటే మెనూలో, ఖాళీ తగ్గించి ఆ వెడల్పు నడిమిదానికి ఇచ్చాను. వైద్యశాలకి ఆటోలో వెళ్లి, ఆయన గదిలోనే, ఆయన కంప్యూటర్‌లోనే తెరిచి చూశాను. ముప్ఫయి రెండు పేజీలు. బలాశ్వగంధాది నిండుగా కూర్చుంది, మూడో పెట్టె తన చోట ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఇంత బాగా చేయగలనని ఇన్నాళ్లూ నేనెందుకు మరిచిపోయాను? వాళ్లు మరిచిపోవడం వాళ్ల సుఖం కోసం, నా మరుపు ఎవరి సుఖం కోసం?

మర్నాడు దీపం వెలిగింది. టోమి సార్ మైకు పట్టుకుని, "ఈ సైటు కట్టినవాడు మా జిజో" అన్నాడు. వైద్యర్ జిజోకి శాలువా కప్పి, ఊరుకోకుండా అడిగాడు: "శనివారం పడిపోయింది కదా, ఎలా లేపావు నాయనా? జబ్బేమిటో తెలుసుకోవాలి నేను."

"చిన్న సర్దుబాటు సార్" అన్నాడు జిజో. "ఏ సర్దుబాటు?" జిజో నా వైపు చూశాడు. నేను మూడో వరసలో, పళ్లాలు అందించే ఆడవాళ్ల పక్కన ఉన్నాను. లేచాను. జబ్బు చెప్పాను, మందు చెప్పాను, పాత బ్రౌజర్ సంగతి చెప్పాను. మైకు అక్కర్లేకపోయింది.

"మా టైపింగ్ షీజ" అని టోమి సార్ నవ్వబోయాడు. వైద్యర్ నవ్వలేదు. "ఇంకో శాలువా తెండి" అన్నాడు.

"శాలువా వద్దు వైద్యరే" అన్నాను. "పేజీ అడుగున, రూపకల్పన అన్నచోట జిజో పేరు ఒక్కటే ఉంది. పక్కన నాది వెయ్యాలి. ఇప్పుడే."

టోమి సార్ గొంతు సవరించుకున్నాడు. "అది తరవాత చూద్దాం షీజా, ఇప్పుడు అక్కడ మాట చేరిస్తే మళ్లీ చెదురుతుందేమో."

"చెదరదు సార్. కట్టింది నేను."

వేదిక ఎక్కి, దీపం పక్కనున్న కంప్యూటర్ ముందు కూర్చుని, గోడ మీది తెరను అందరూ చూస్తుండగా నా పేరు టైపు చేశాను. రెండే అక్షరాలు. పేజీ ఎక్కడా చెదరలేదు.